మెయిన్ ఆపితేనే షాక్: బైరాగిపట్టెడ ఇంట్లో ఒక మెట్ల లైటు కేసు

"మెయిన్ ఆన్‌లో ఉంటే ఏం కాదన్నా. ఆపితేనే ఫ్రిజ్ షాక్ కొడతా ఉంది. అది కూడా సాయంత్రం పూటే."

తిరుపతి బైరాగిపట్టెడలో ఒక ఇంటి పై పోర్షన్‌లో అద్దెకుంటున్న ఆమె ఫోన్లో చెప్పిన ఫిర్యాదు ఇంతే. కింద ఉండే ఇంటాయన మాత్రం "పాత ఫ్రిజ్ నాయనా, కంప్రెసర్ పోయింటాది, మార్చుకోమని చెప్పినా" అని తేల్చేశాడు. నాకంటే ముందు వచ్చిన కుర్రాడు ఫ్రిజ్ బాడీకి టెస్టర్ పెట్టి చూసి, వెలగలేదు కాబట్టి ఏమీ లేదని వెళ్ళిపోయాడట. అతను వచ్చింది పట్టపగలు, మెయిన్ ఆన్‌లో ఉండగా. ఆమె చెప్పిన రెండు షరతుల్లో ఒక్కటి కూడా అతను పాటించలేదు.

మెయిన్ ఆపాక కూడా షాక్ కొడుతోందంటే కరెంటు ఇంకో దారిలో లోపలికి వస్తోందని అర్థం. ఒక్క మీటరే ఉన్న ఇంట్లో ఆ దారి ఇన్వర్టరో, పక్కింటి నుంచి లాగిన వైరో అయి ఉంటుంది. రెండు మీటర్లున్న ఇంట్లో నేను ముందు చూసేది ఉమ్మడిగా వాడుకునే చోట్లు: మెట్లు, టెర్రస్, బోరు మోటారు. రెండు మీటర్లూ తెలియకుండా కలిసిపోయేది అక్కడే.

ఈ ఇంటి తీరు మన ఊళ్ళో వీధికి నాలుగైదు చోట్ల కనిపించేదే. కింద పాత పోర్షన్, చెక్క బోర్డుల మీద నల్ల స్విచ్‌లు. పైన తర్వాతెప్పుడో కట్టిన పోర్షన్, గోడలో పైపులు, మాడ్యులర్ ప్లేట్లు. గేటు పక్కన రెండు సింగిల్ ఫేజ్ మీటర్లు. మెట్లు బయట నుంచి. మెట్ల మీద ఒకే లైటు, దానికి కింద ఒక స్విచ్, పైన ఒక స్విచ్. ఆ లైటు ఇంటాయన మీటరు మీద నడుస్తుందని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమంటే, ఆయన దాని గురించి అప్పుడప్పుడూ సణుగుతాడు, వీళ్ళు వినీ విననట్టు ఉంటారు.

ముగ్గురు చెప్పిన మూడు ముక్కలు

స్క్రూడ్రైవర్ తీయకముందే కేసు చాలావరకు మాటల్లోనే దొరికింది.

మొదటిది ఆమె చెప్పింది. ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టినప్పుడు మెయిన్ ఆపి, తలుపు తీసి, నీళ్ళు తుడుస్తుంది. ప్లగ్ సాకెట్లోనే ఉంటుంది, ఎందుకంటే ఆ సాకెట్ ఫ్రిజ్ వెనక పడిపోయింది, చెయ్యి పోదు. చెప్పుల్లేని కాళ్ళు, తడి బండలు. జాగ్రత్త కోసం మెయిన్ ఆపిన మనిషికే షాక్ తగిలింది.

రెండోది వాళ్ళబ్బాయి చెప్పాడు, అదీ అడగ్గా అడగ్గా. "మేం మెయిన్ ఆపితే మెట్ల లైటు కూడా ఆరిపోతుంది." ఇంటాయన మీటరు మీద ఉన్న లైటు పై పోర్షన్ మెయిన్ ఆపితే ఎందుకు ఆరిపోవాలి? ఈ ప్రశ్న ఎవరికీ రాలేదు. కరెంటు పోయిందనుకున్నారు, అంతే.

మూడోది ఇంటాయన నుంచి వచ్చింది. కింద డీబీలో, అంటే మెయిన్ నుంచి లైన్లన్నీ విడిపోయే పెట్టెలో, ఒక ఆర్‌సీసీబీ ఉంది, కరెంటు లీకైతే సరఫరా తెంచే స్విచ్ అది. అది బిగించిన రోజు నుంచీ మెట్ల లైటు వేస్తే కింద ఇల్లంతా చీకటి. పీసు బాగాలేదని ఇంకొకటి మార్పించాడు. అదీ అంతే. ఆ లైటు తీసి చిన్న అర వాట్ ఎల్‌ఈడీ నైట్ ల్యాంప్ పెడితే మాత్రం ఆర్‌సీసీబీ పడలేదట. చివరికి ఎవరో వచ్చి ఆర్‌సీసీబీని పక్కనబెట్టి, మెయిన్ వైర్లను నేరుగా ఎంసీబీలకు (కరెంటు మోతాదు మించితే పడిపోయే స్విచ్‌లకు) కలిపేశారు. డబ్బా మాత్రం డీబీలో అలాగే అలంకారంగా ఉంది, లివర్ పైకే ఉంది. చూసినవాళ్ళెవరైనా ఇంటికి రక్షణ ఉందనే అనుకుంటారు.

ఆ నైట్ ల్యాంప్ ముక్క వినగానే నాకు విషయం ఖాయమైంది. ఆర్‌సీసీబీ చూసేది ఒక్కటే. ఫేజ్‌లో ఎంత కరెంటు వెళ్ళిందో న్యూట్రల్‌లో అంతే తిరిగి వచ్చిందా లేదా. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే కొట్టేయాలి. నిజానికి 15 దాటాక ఎక్కడైనా కొట్టేయవచ్చు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది, చౌక రకమైతే ఇంకా ఎక్కువ. అంటే ఆ బల్బు వాడుకున్న కరెంటు మొత్తం ఆర్‌సీసీబీ దృష్టిలో "వెళ్ళింది, రాలేదు." నైట్ ల్యాంప్ కరెంటు ఆ గీత దాకా రాలేదు కాబట్టి బతికిపోయింది. వైరులో లీకేజీ ఉండి ఉంటే ఏ బల్బు పెట్టినా పడాలి. ఇక్కడ లీకేజీ లేదు. కరెంటు వెళ్ళిన దారి ఒకటి, తిరిగొచ్చిన దారి ఇంకొకటి. ఆర్‌సీసీబీలు రెండూ మంచివే, తమ పని తాము చేశాయి.

చీకటి పడ్డాక

పరీక్ష సాయంత్రమే పెట్టుకున్నాను, మెట్ల లైటు వేసి. పై పోర్షన్ మెయిన్ డబుల్ పోల్ ఐసోలేటర్. ఫేజ్, న్యూట్రల్ రెండూ తెంచుతుంది. అది సరైన సామానే. దాన్ని ఆపాం, మెట్ల లైటు ఆరింది. టెస్టర్‌ను ముందు కింద బతికున్న సాకెట్లో పెట్టి వెలుగుతోందని చూసుకుని, పైకొచ్చి డీబీలో ఫేజ్ బస్‌బార్ (ఎంసీబీలకు ఫేజ్ పంచే పట్టీ) మీద పెట్టాను. చీకటి. న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ, న్యూట్రల్ లింక్ మీద పెట్టాను. వెలిగింది.

మెయిన్ ఆపిన ఇంట్లో ఫేజ్ చచ్చిపోయి న్యూట్రల్ బతికుంది. పక్కన నిలబడి చూస్తున్న మా హెల్పర్ కుర్రాడు టెస్టర్ పాడైందన్నాడు. నియాన్ టెస్టర్‌ను పూర్తిగా నమ్మకూడదన్నది నిజమే. పక్క వైరు నుంచి ఊరికే వచ్చే వోల్టేజీకి కూడా అది వెలుగుతుంది, మంచి చెప్పులేసుకుని పొడి నేల మీద నిలబడితే నిజమైన వోల్టేజీకి కూడా మసగ్గా వెలుగుతుంది. అందుకే టెస్ట్ ల్యాంప్ తీశాం. హోల్డరుకు రెండు వైర్లు, 60 వాట్ల పాత బల్బు. పైన ఎక్కడా నమ్మదగ్గ ఎర్త్ లేదు కాబట్టి కింద ఎర్త్ టెర్మినల్ నుంచి పొడవాటి వైరు మెట్ల మీదుగా లాక్కొచ్చాం. టెస్ట్ ల్యాంప్ ఒక కొస ఆ ఎర్త్‌కు, రెండో కొస పై న్యూట్రల్ లింక్‌కు తాకించాను.

టెస్ట్ ల్యాంప్ వెలగలేదు. బయట మెట్ల లైటు వెలిగింది.

వైరు తీస్తే ఆరింది, పెడితే వెలిగింది. ఇంటాయన మెట్ల మీద నిలబడి అది చూశాడు. అంతవరకు ఫ్రిజ్ కంప్రెసర్ అన్న మనిషి ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

జరిగింది ఏమిటంటే, కింద పోర్షన్ ఫేజ్ మెట్ల స్విచ్‌ల గుండా బల్బుకు వచ్చి, బల్బు దాటి, పై పోర్షన్ న్యూట్రల్‌లోకి వెళ్తోంది. పై మెయిన్ ఆన్‌లో ఉన్నంతసేపు ఆ న్యూట్రల్ మీటరు దాకా, స్తంభం దాకా పోతుంది కాబట్టి ఏ గొడవా లేదు. మెయిన్ ఆపగానే వెనక్కి దారి తెగింది. ఇక పై పోర్షన్ న్యూట్రల్ వైర్లన్నీ, ప్రతి సాకెట్ ఎడమ కన్నం, ప్రతి ఫ్యాను, ప్రతి లైటు, బల్బు గుండా కింద ఫేజ్‌కు తగిలించినట్టే. నేలకు దారి ఎవరిస్తే వాళ్ళ గుండా కరెంటు పోతుంది. నా పరీక్షలో టెస్ట్ ల్యాంప్ దారి ఇచ్చింది. చల్లగా ఉన్న 60 వాట్ల ఫిలమెంటుకు నిరోధం చాలా తక్కువ, అందుకే అది చీకటిగా ఉండిపోయి మెట్ల బల్బు వెలిగింది. ఫ్రిజ్ తుడిచే రోజు ఆ దారి ఆమె ఇచ్చింది. 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే చాలామందికి పట్టుకున్న చెయ్యి విడిపించుకోవడం కష్టం. ఇక్కడ బల్బు దాని నాలుగింతలు పంపగలదు. ఆమె వేళ్ళ వెనక భాగం తగిలి చెయ్యి విసిరికొట్టుకుంది కాబట్టి సరిపోయింది.

పగలు మెట్ల లైటు వేయరు కాబట్టి పగలు షాక్ లేదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

ఒక్క వైరు మిగుల్చుకోవడానికి

ఇలా ఎందుకు కలిపారో బాక్స్ విప్పగానే తెలిసిపోయింది. మెట్ల లైటుకు టూ వే స్విచ్‌లు రెండు కావాలి. కింది స్విచ్ నడిమి పిన్నుకు ఫేజ్. దాని మిగతా రెండు పిన్నుల నుంచి రెండు వైర్లు పై స్విచ్ రెండు పిన్నులకు. పై స్విచ్ నడిమి పిన్ను నుంచి బల్బుకు. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. బల్బుకు న్యూట్రల్ కూడా కింద నుంచే, అదే పైపులో రావాలి. ఆ పైపు ముప్పావు అంగుళంది, మెలికలు ఎక్కువ. మూడో వైరు లాగడానికి ఒళ్ళు వంగక, పై స్విచ్‌బోర్డులో చేతికందిన నల్ల వైరును, అంటే పై పోర్షన్ న్యూట్రల్‌ను, బల్బుకు కలిపేశాడు. బల్బు వెలిగింది. డబ్బులు తీసుకుని వెళ్ళాడు.

బల్బు వెలిగిందంటే పని సరిగ్గా జరిగిందని మన దగ్గర ఒక నమ్మకం. స్విచ్ న్యూట్రల్‌లో పెట్టినా బల్బు వెలుగుతుంది. ఎర్త్ లేకపోయినా వెలుగుతుంది. పక్కింటి న్యూట్రల్ ఇచ్చినా వెలుగుతుంది. వేసినప్పుడు ఏమైందన్నది నాకు చాలదు. ఆపినప్పుడు ఏమవుతోందో చూడందే నేను బోర్డు మూయను.

ఇది వైర్‌మ్యాన్‌కు కూడా ఉరి. రేపు పైన ఫ్యాను మార్చడానికి ఎవరో వస్తాడు, మెయిన్ ఆపుతాడు, ఫేజ్ మీద టెస్టర్ పెట్టి లేదని చూసుకుంటాడు, నిచ్చెన ఎక్కి రెండు న్యూట్రల్ వైర్ల జాయింట్ విప్పుతాడు. ఆ విప్పిన కొసల్లో ఒకటి బతికున్న కొస కావచ్చు. నిచ్చెన మీద షాక్ చిన్నదైనా చాలు, మిగతా పని కింది బండలు చేస్తాయి.

వంటగది బోర్డు

న్యూట్రల్ బతికితే సాకెట్ ఎడమ కన్నంలో ఉండాలి, ఫ్రిజ్ బాడీ మీదికి ఎలా వచ్చింది? ఈ ప్రశ్న మిగిలింది. ఫ్రిజ్‌ను ముందుకు జరిపి వంటగది బోర్డు విప్పాం.

ప్లేట్ ఊడి రాగానే కాలిన వాసన. 16 ఆంపియర్ల సాకెట్ వెనక ఒక పక్క గోధుమ రంగుకు తిరిగి, ప్లాస్టిక్ ఉబ్బి ఉంది. ఇండక్షన్ స్టవ్ నడిచే సాకెట్ అది. 2000 వాట్ల స్టవ్ అంటే దాదాపు 8.7 ఆంపియర్లు, సాకెట్ సామర్థ్యానికి సగమే. మరి ఎందుకు కాలింది? ఫేజ్ టెర్మినల్‌లో మూడు వైర్లు కుక్కారు. మూడు పట్టక, రెండున్నర (చదరపు మిల్లీమీటర్ల) వైరు పోగులు కొన్ని కత్తిరించేశారు. ఆ సైజు వైరులో సాధారణంగా 36 సన్న పోగులుంటాయి. ఇక్కడ స్క్రూ కింద నిలిచినవి సగం కూడా లేవు. వాటిలోనూ కొన్ని స్క్రూ కింద నలిగి తెగాయి. ఇన్సులేషన్ మూడు వేళ్ళ మేర గట్టిపడి, వంచితే పగిలింది. లూజు కనెక్షన్ దగ్గర పుట్టే వేడి ఎంసీబీకి తెలియదు. దానికి తెలిసింది కరెంటు ఎంత అన్నదే, అది మామూలుగానే ఉంది. పైగా ఈ లైనుకు పెట్టిన ఎంసీబీ 32 ఆంపియర్లది. "చిన్నది పెడితే ఊరికే పడిపోతా ఉండె" అని ఇంటాయన వివరణ. పడిపోతుంటే కారణం వెతకాలి గానీ పడనిదాన్ని తెచ్చి పెడితే కాలేది గోడలో వైరు.

అసలు సంగతి ఎర్త్ పిన్ను దగ్గరుంది. బోర్డులో మూడు సాకెట్ల ఎర్త్ పిన్నులనూ ఆకుపచ్చ వైరుతో ముచ్చటగా లూప్ చేశారు. చూస్తే ఎర్త్ ఉందనే అనిపిస్తుంది. ఆ ఆకుపచ్చ వైరు పైపులోకి పోలేదు. చివరి సాకెట్‌లో రెండంగుళాల ముక్కతో న్యూట్రల్ పిన్నుకు కలిసింది. పైకి ఎర్త్ వైరే రాలేదు, ఇంటివాళ్ళు మాత్రం మూడు పిన్నుల్లో కరెంటు చూపించమని అడిగి ఉంటారు. చూపించాడు.

ఈ దొంగ ఎర్త్ మామూలు పరీక్షలకు దొరకదు. మల్టీమీటరుతో ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య చూస్తే నిండుగా 230 దగ్గర వస్తుంది. మూడు లైట్ల సాకెట్ టెస్టర్ పెడితే అంతా బాగుందని చెబుతుంది. పట్టుకోవడానికి నేను చేసేది ఇది: ఆ లైను మీద పెద్ద లోడు పెట్టి, అంటే స్టవ్ ఆన్ చేసి, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య వోల్టేజీ చూస్తాను. విడిగా ఎర్త్ వైరు ఉంటే న్యూట్రల్ వైరులో పడే డ్రాప్ వల్ల ఒకటో రెండో వోల్టులు కనిపించాలి. స్టవ్ పూర్తి వేడి మీద ఉన్నా సున్నా దగ్గరే నిలబడితే ఆ బోర్డు విప్పాల్సిందే. ఇక్కడ సున్నానే వచ్చింది.

ఆ రెండంగుళాల ముక్క వల్ల ఫ్రిజ్ బాడీ, స్టవ్ బాడీ రెండూ న్యూట్రల్‌లో భాగమైపోయాయి. మెట్ల లైటు తెచ్చిన కరెంటు నేరుగా ఫ్రిజ్ తలుపు దాకా వచ్చింది. మెట్ల లైటు తప్పు లేకపోయినా ఇది చంపగలదు. బయట న్యూట్రల్ ఎక్కడైనా ఊడిందంటే చాలు, ఇంట్లో ఆన్‌లో ఉన్న బల్బుల గుండా ఫేజ్ వచ్చి ఫ్రిజ్ మీద కూర్చుంటుంది. న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలిపేది కరెంటు సరఫరా చేసేవాళ్ళు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. మన ఇంటి బోర్డులో ఆ పని ఎవరూ చేయకూడదు.

గీజర్ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. బాత్రూమ్ లైనుకు రెండూ ఎర్ర వైర్లే లాగారు, దాంతో ఫేజ్, న్యూట్రల్ తారుమారై స్విచ్ న్యూట్రల్‌లో పడింది. స్విచ్ ఆపితే గీజర్ ఆగుతుంది, ఎలిమెంట్ మీద మాత్రం ఫేజ్ అలాగే ఉంటుంది. ఎలిమెంట్ చిల్లు పడితే నీళ్ళలోకి వస్తుంది, స్విచ్ ఆపి స్నానం చేసినా. మాడ్యులర్ సాకెట్‌ను వెనక నుంచి కలుపుతాం కాబట్టి కుడి ఎడమలు తిరగబడతాయి, చాలామంది అక్కడే తికమకపడతారు. ముందు నుంచి చూస్తే ఎర్త్ పైన, కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్. వెనక ఎల్ (ఫేజ్), ఎన్ (న్యూట్రల్) అక్షరాలు పోత పోసి ఉంటాయి. ఫోన్ లైటు వేసి వాటిని చదివితే చాలు.

పని

మెట్ల లైటుకు సులువైన దారి ఒకటుంది. మొత్తం లైటును, ఫేజ్‌తో సహా, పై మీటరుకు మార్చేయడం. పైపులో వైరు లాగే పని ఉండదు. ఆ మాట చెప్పగానే పై పోర్షన్ ఆయన "మా బిల్లులోనా?" అన్నాడు. ఇంటాయన "మరి రాత్రి పదకొండుకొచ్చేది ఎవరు?" అన్నాడు. 9 వాట్ల బల్బు రాత్రంతా వెలిగినా నెలకు మూడు యూనిట్లు. ఆ మూడు యూనిట్ల మీద పావుగంట నడిచింది. ఇంటాయనే తన మీటరు మీద ఉంచుకుంటానన్నాడు, అద్దె పెంచేటప్పుడు గుర్తుచేస్తాడేమో.

పాత వైర్లనే లాగుడు తాడుగా వాడి కొత్త వైర్లు ఎక్కించాం. ఫేజ్ దారికి రెండు, న్యూట్రల్ ఒకటి, ఎర్త్ ఒకటి, అన్నీ ఒకటిన్నర వైర్లు, పై కొస దగ్గర మెట్టుమెట్టుగా టేపు చుట్టి, టాల్కం పౌడర్ పూసి. మధ్య మెలిక దగ్గర పట్టేసింది. అక్కడ బలవంతంగా లాగితే ఇన్సులేషన్ చీరుకుంటుంది, అది బయటికి కనిపించదు. పూత కొద్దిగా కొట్టి బెండు తెరిచాం. లోపల తడి. కార్తీక మాసం, తిరుపతికి వాన ఎక్కువగా వచ్చేదే ఈశాన్య రుతుపవనాల్లో. టెర్రస్ తలుపు పక్కనున్న స్విచ్ బాక్స్‌లోకి గోడ వెంట నీళ్ళు దిగుతున్నాయి. బెండు ఆరబెట్టి, బాక్స్ పై అంచు సీల్ చేశాం.

వంటగదిలో కాలిన సాకెట్ పారేశాం. ఇన్సులేషన్ గట్టిపడినంత మేర వైరు కోసేశాం. స్టవ్‌కు విడి లైను, రెండున్నర వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ. ఫ్రిజ్‌కు చేతికందే చోట వేరే సాకెట్. ఒక టెర్మినల్‌లో రెండు వైర్లకు మించి పెట్టలేదు, పోగులన్నీ మెలిపెట్టి, రాగి బయట కనిపించకుండా, ఇన్సులేషన్ స్క్రూ కింద పడకుండా. బిగించాక ప్రతి వైరునూ చేత్తో లాగి చూడడం నాకు అలవాటు. వదిలేది ఉంటే అప్పుడే వదులుతుంది.

ఎర్త్ దగ్గర అందరూ తడబడే లెక్క ఒకటుంది. కింద పాత ఎర్త్ పైపు పార్కింగ్ సిమెంటు కిందికి పోయింది, నీళ్ళు పోసే దారి కూడా లేదు. కొండ కింద మన నేల రాయి, గరుసు. ఎండాకాలంలో ఎండిపోతే ఎర్త్ నిరోధం పెరుగుతుంది. కాంపౌండ్ గోడ పక్కన కొత్త గుంత తీసి, రాగి పూత రాడ్ దింపి, తడి పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి నింపి, పైన మూత ఉన్న చాంబర్ కట్టాం. ఎర్త్ 10 ఓమ్‌లకు వచ్చిందనుకోండి. ఫేజ్ ఫ్రిజ్ బాడీకి తగిలితే ఎర్త్‌లోకి పోయేది గరిష్ఠంగా 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల సీ రకం ఎంసీబీ వెంటనే కొట్టేయాలంటే దాని అయిదు నుంచి పదింతలు, అంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. 23కు అది నిమిషం పైన కూడా ఆగవచ్చు. అంతసేపూ బాడీ బతికే ఉంటుంది. అదే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీకి ఎర్త్ కొన్ని వందల ఓమ్‌లున్నా చాలు, సెకనులో మూడోవంతు లోపే కొట్టేస్తుంది. కాబట్టి మన నేలలో ఎర్త్ ఒక్కటే చాలదు. ఆర్‌సీసీబీ ఉంది కదా అని ఎర్త్ వదిలేసినా కుదరదు, ఎర్త్ లేకపోతే అది పనిచేయడానికి మనిషి తగలాలి.

కింద ఆర్‌సీసీబీని మళ్ళీ దాని చోట కలిపాం, పైన కొత్తది పెట్టాం. గీజర్ లైను ఎరుపు నలుపులు సరిచేశాం. రెండు పోర్షన్ల న్యూట్రల్‌లూ ఎక్కడా కలవడం లేదని తేల్చుకోవడానికి మెయిన్లు రెండూ ఆపి, ఒక న్యూట్రల్ లింక్ నుంచి రెండోదానికి కంటిన్యుటీ (మధ్యలో వైరు దారి ఉందా అని) చూశాం, ఏమీ రాలేదు. తర్వాత బల్బులు, ఫ్రిజ్, రెగ్యులేటర్లు అన్నీ విప్పి 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) పెట్టాం. ఎల్‌ఈడీలు తగిలి ఉండగా మెగ్గర్ కొడితే అవి పోతాయి, ఆ బిల్లు మనదే అవుతుంది. పై పోర్షన్ లైన్లన్నీ ఒక మెగా ఓమ్‌కు బాగా పైనే వచ్చాయి. మెట్ల పైపులో కొత్త వైర్లు కూడా. ఆఖరున పై మెయిన్ ఆపి, మెట్ల లైటు వేశాం. వెలుగుతూనే ఉంది. న్యూట్రల్ లింక్ మీద టెస్టర్ చీకటి. కింద మెయిన్ ఆపాం, అప్పుడు ఆరింది.

ఈ చివరి పరీక్ష ఏ బోర్డూ విప్పకుండా ఎవరైనా చేసుకోవచ్చు. రెండు మీటర్లున్న ఇంట్లో చీకటి పడ్డాక ఉమ్మడి లైట్లన్నీ వేసి, ముందు ఒక పోర్షన్ మెయిన్ ఆపి చూడండి, దాన్ని మళ్ళీ వేశాక రెండోది ఆపండి. ఏ లైటైనా రెండు సార్లూ ఆరిపోతే అది రెండు మీటర్ల మధ్య వేలాడుతోందని. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఆ పూట ముట్టుకోవద్దు. పర్మిట్ ఉన్న వైర్‌మ్యాన్‌ను పిలిచి ఈ మాటే చెప్పండి, "షాక్ కొడుతోంది" అని మాత్రం చెబితే ఫ్రిజ్ వెనక వెతుకుతాడు. మీటరు సీలు, స్తంభం వైపు అనుమానం ఉంటే కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ వాళ్ళకు 1912కు ఫోన్ చేయండి, అటువైపు మనం చేయి పెట్టే పని లేదు.

కింద పోర్షన్ చెక్క బోర్డుల్లో రెండింటికి ఇంకా ఎర్త్ లేదు. ఆర్‌సీసీబీ కలిపిన మర్నాడే పాత మిక్సీ ఒకటి దాన్ని కొట్టేయించింది. ఇంటాయన ఫోన్ చేసి "మళ్ళీ పడిపోయింది నాయనా, తీసేద్దామా?" అన్నాడు. మిక్సీ ప్లగ్ పీకి మళ్ళీ వేయమన్నాను. నిలబడింది. మిక్సీ రిపేరుకు పోయింది. చెక్క బోర్డులు సంక్రాంతి అయ్యాక మార్పిస్తానన్నాడు, అంతవరకు ఆ రెండు బోర్డుల సాకెట్లకు టేపు వేసి వచ్చాం.